రివర్స్ ప్రాక్సీ: 502 ఎప్పుడు, 504 ఎప్పుడు?

ఫార్వర్డ్ ప్రాక్సీ వాడుకదారుల తరఫున పనిచేస్తుంది. రివర్స్ ప్రాక్సీ సర్వర్ల తరఫున ముందు నిలబడి అభ్యర్థనలు అందుకుంటుంది. పరీక్షలో ఈ రెండింటినీ ఆప్షన్లలో తారుమారు చేసి ఇస్తే తడబడొద్దు. రివర్స్ ప్రాక్సీ పనికి పేరుపడ్డ సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్‌ను రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ రూపొందించారు, అది 2004లో విడుదలైంది. ఒకే సర్వర్ ఏకకాలంలో 10,000 కనెక్షన్లను ఎలా తట్టుకోవాలన్న ‘సీ10కే’ సమస్యే ప్రేరణ. పోర్టులు సరేసరి: హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కు 443.

అసలు చిక్కంతా ఎర్రర్ కోడ్‌లతోనే. వెనక సర్వర్ కనెక్షన్‌ను తిరస్కరించినా, చెల్లని జవాబిచ్చినా 502. గడువులోగా జవాబే రాకపోతే 504. ఇంజిన్‌ఎక్స్‌లో ఆ గడువు డిఫాల్ట్‌గా 60 సెకన్లు. 502 కనిపిస్తే ముందు ఎర్రర్ లాగ్ తెరవాలి. అందులో ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని ఉంటే సాధారణంగా ఆ పోర్టులో అప్లికేషన్ నడవడం లేదన్నమాట. అప్పుడు ప్రాక్సీని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు.