కంప్యూటరు తెర చీకటియైనపుడు: రిజల్యూషను మార్చుటవలన కలుగు చిక్కులును, వాని పరిహారమును

కర్నూలు, కడప జిల్లాలలో పాఠశాలలందును, గ్రామముల దుకాణములందును కంప్యూటరుతో పని నేడు సాధారణమైనది. పదవ తరగతి విద్యార్థుల పేర్ల పట్టీలు, విద్యార్థి వేతనముల దరఖాస్తులు, పరీక్షా ఫలితములు ఈ యంత్రము ద్వారానే నడచుచున్నవి. దరఖాస్తునకు గడువు ముగియు దినమున తెర చీకటియైనచో కలుగు కలవరము ఇంతింత యనరాదు.

ఇట్టి చీకటికి కారణములు పెక్కు కలవు. వానిలో ఒకటి మిక్కిలి సామాన్యమైనది, మిక్కిలి సులభముగా సరిచేయదగినది. అక్షరములు పెద్దవిగా కనుపడవలెననియో, చిత్రము చక్కగా నుండవలెననియో ఒకరు తెర రిజల్యూషనును మార్చుదురు. తోడనే తెర నల్లబడును, లేదా అక్షరములు మసకబారును. విషయ మెరుగనివారు మానిటరు కాలిపోయినదని తలంచి, వేరుసెనగ పంట అంతంత మాత్రమైన సంవత్సరమునను అప్పుచేసి క్రొత్తదానిని కొందురు. నిజమునకు అందొక్క భాగమైనను చెడియుండదు. ఒక సంఖ్య తప్పుగా నిర్ణయింపబడియుండును, అంతియే. కావున ఈ విషయమును విద్యార్థులును, తలిదండ్రులును తెలిసికొనుట మేలు.

1. రిజల్యూషను అనగా నేమి?

మన ఇండ్ల వాకిళ్లలో చుక్కల ముగ్గు వేయుట అందరెరిగినదే. 15 చుక్కలు, 15 వరుసలు అనిన మొత్తము 225 చుక్కలు. చుక్కలు తక్కువైనచో ముగ్గు మోటుగా నుండును. ఎక్కువైనచో సన్నని పనితనము చూపవచ్చును. కంప్యూటరు తెరయు ఇట్టి చుక్కల ముగ్గే. ప్రతి చుక్కకును వేరువేరు రంగు నిచ్చి, అక్షరములను చిత్రములను యంత్రము నిర్మించును. అడ్డముగా నెన్ని చుక్కలు, నిలువుగా నెన్ని వరుసలు అను లెక్కయే రిజల్యూషను.

1987వ సంవత్సరమున ఐబియం కంపెనీవారు వీజీఏ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. అందు 640 చుక్కలు, 480 వరుసలు; మొత్తము 3,07,200 చుక్కలు. తరువాత 1024 చుక్కలు, 768 వరుసలు గల తెరలు వాడుకలోనికి వచ్చెను; వాని మొత్తము 7,86,432. నేడు విరివిగా కనుపించు 1920 చుక్కలు, 1080 వరుసలు గల తెరయందు 20,73,600 చుక్కలు కలవు. వీజీఏ కంటె ఇది ఆరు రెట్లకు మించినది.

2. తెర ఏల చీకటియగును?

తెరపై చిత్రము నిలిచియున్నట్లు తోచినను, కంప్యూటరు దానిని సెకండునకు అనేక పర్యాయములు మరల మరల పంపుచునే యుండును. సాధారణముగా ఇది సెకండునకు 60 పర్యాయములు. 1897లో జర్మనీ దేశస్థుడు బ్రౌను నిర్మించిన గాజుగొట్టము నుండి పుట్టిన పాత బరువు మానిటర్లలో కాంతి మినుకు మినుకు మనకుండుటకై 75 లేక 85 పర్యాయములు కూడ నిర్ణయించుచుండిరి.

ఇపుడొక చిన్న లెక్క చేయుదము. 768 వరుసలను సెకండునకు 60 మార్లు పంపినచో, 768 × 60 = 46,080 వరుసలు. 1024 వరుసలను 75 మార్లు పంపినచో, 1024 × 75 = 76,800 వరుసలు. చిత్రమునకును చిత్రమునకును నడుమ కొంత విరామ ముండుటచేత నిజమైన సంఖ్య ఇంకను హెచ్చు. సెకండునకు 60,000 వరుసలు మాత్రమే గ్రహింపగల మానిటరునకు రెండవ సంకేతము పంపినచో ఏమగును? సుంకేసుల వద్ద కాలువ తట్టుకొనలేనంత నీరు వదలినచో గట్టు నిలువదు గదా! మానిటరు తన్ను తాను కాపాడుకొనుటకై చిత్రమును చూపుట మాని, "ఔట్ ఆఫ్ రేంజ్", అనగా "నా పరిధిని మించినది" అను మాటను చూపును. కొన్ని మానిటర్లు ఆ మాటయైనను చూపక చీకటియగును. ఇది చెడుట కాదు, జాగ్రత్తపడుట.

మానిటరు తన శక్తిని కంప్యూటరునకు తానే తెలుపుకొను ఏర్పాటు 1994 నుండి కలదు. కాని కేబులు నాసిరకమైనను, నడుమ వేరొక సాధనము చేర్చినను ఆ సమాచారము చేరకపోవచ్చును. అపుడు కంప్యూటరు ఊహ మీద ఆధారపడును; చిక్కు కలుగును.

3. అక్షరములు ఏల మసకబారును?

నేటి పలుచని తెరలలో చుక్కలు స్థిరముగా అమర్చబడియుండును. కడప నల్లరాతి బండలు పరచిన నట్టిల్లును తలంచుకొనుడు. బండల సంఖ్యను మనము మార్చలేము. 1366 బండలు గల వరుసపై 1024 చుక్కల ముగ్గును పరచవలసివచ్చినచో, సుమారు 3 చుక్కలకు 4 బండలు వచ్చును. ఒక్కొక్క చుక్క ఒక బండను నింపి, ప్రక్క బండలో మూడవ వంతు ఆక్రమించును. బండను ముక్కలు చేయ వీలులేదు గనుక యంత్రము రెండు రంగులను కలిపి నడిమి రంగు పూయును. ఈ కలగలుపే మసక. అంతేగాక నిలువున 768 వరుసలు అట్లే యుండి అడ్డము మాత్రము సాగుటచేత, గుండ్రని సున్న కోడిగ్రుడ్డువలె కనుపించును.

ఇంగ్లీషు అక్షరముల కంటె తెలుగు అక్షరములకు ఈ మసకవలన నష్టము హెచ్చు. మన లిపికి మూడంతస్తులు కలవు: పైన తలకట్టు, గుడి మొదలగునవి; నడుమ అక్షరము; క్రింద ఒత్తులు. "రాష్ట్రము" అను మాటలో ఒకే అక్షరము క్రింద రెండు ఒత్తులు ఇమడవలెను. ద, ధ, థ లకు భేదము చిన్న గీత, చిన్న చుక్క మాత్రమే. ప, ఫ, ష లును అట్టివే. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ యందు "గౌతమి" అను తెలుగు అక్షరరూపము చేర్చబడెను. ఇంత శ్రమకోర్చి యంత్రములోనికి తెచ్చిన అక్షరములు తెర తప్పుగా నమర్చబడుటచేత ఒకదాని కొకటిగా కనుపించుట విచారకరము. పేర్ల పట్టీలో ఒక్క ఒత్తు తప్పినచో, ఆ తప్పు విద్యార్థి ధ్రువపత్రముపై నెక్కి, దానిని దిద్దించుకొనుటకు తండ్రి కూలి పోగొట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. కావున మసక తెరపై పేర్లు సరిచూచుట ఎంతమాత్రమును తగదు.

4. లక్షణములను పరీక్షించు విధము

వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచునట్లు, మనము మొదట లక్షణములు చూడవలెను.

(అ) మానిటరు మీద చిన్న దీపము కూడ వెలుగనిచో దోషము విద్యుత్తుది. తీగను, స్విచ్చిని చూడవలెను.

(ఆ) "నో సిగ్నల్" అని కనుపించినచో కంప్యూటరు నుండి ఏమియు చేరుటలేదు. కేబులు రెండు కొనలను ఊడదీసి మరల బిగింపవలెను.

(ఇ) "ఔట్ ఆఫ్ రేంజ్" అని కనుపించినచో మానిటరు బాగున్నది, సంకేతమును చేరుచున్నది. దోషము రిజల్యూషనునందో, సెకండునకు పంపు పర్యాయముల లెక్కయందో కలదు.

(ఈ) తెల్లని పుట నీలి-ఆకుపచ్చ రంగున కనుపించినచో ఎరుపు వర్ణమును తెచ్చు దారి తెగినది. వీజీఏ కేబులునకు 3 వరుసలలో 15 సూదులుండును. ఏదైన వంగినదేమో చూడవలెను. దీనికి రిజల్యూషనుతో సంబంధము లేదు.

(ఉ) చిత్రము ఒక ప్రక్కకు జరిగియున్నచో, వీజీఏ కేబులు గల మానిటర్లపై "ఆటో" అను మీటను నొక్కిన చాలును.

(ఊ) అతి ముఖ్యమైన పరీక్ష: యంత్రమును ఆపి మరల ప్రారంభించి తెరను కనిపెట్టి చూడుడు. మొదట తయారుచేసినవారి గుర్తు కనుపించి, విండోస్ ప్రారంభమైన తరువాతనే చీకటియైనచో, తెరయు కేబులును చాలవరకు నిర్దోషులు. ఆరంభదశలో యంత్రము సామాన్యమైన రిజల్యూషనునే వాడును. మనము మార్చినది తరువాతనే అమలగును.

5. పరిహార క్రమము

మొదటిది: ఏమియు ముట్టక 15 సెకండ్లు ఓపిక పట్టుడు. రిజల్యూషను మార్చిన వెంటనే "ఈ మార్పును ఉంచవలెనా?" అని విండోస్ అడుగును. జవాబు రానిచో 15 సెకండ్లలో తానే పాతస్థితికి మరలును. భయముచేత మీటలు నొక్కువారు తెలియకయే "ఉంచుము" అని జవాబిచ్చి చిక్కును స్థిరపరచుదురు.

రెండవది: విండోస్ 10, 11 లలో విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగింటిని ఒక్కమారు నొక్కినచో చిత్రమును పంపు భాగము తిరిగి ప్రారంభమగును. ఇది రిజల్యూషనును మార్చదు గాని, తాత్కాలికమైన చీకటిని తొలగింపవచ్చును.

మూడవది: హెచ్చు శక్తిగల మరియొక మానిటరు దొరికినచో దానిని తగిలించి, రిజల్యూషనును తగ్గించి, పిదప పాతదానిని తగిలింపుడు. పాఠశాలయందు ఇదియే సులభోపాయము.

నాలుగవది: వేరు మానిటరు లేనిచో, తక్కువ రిజల్యూషనుతో ప్రారంభింపవలెను. విండోస్ 7 లో, దాని గుర్తు కనుపించుటకు ముందే ఎఫ్ 8 మీటను పలుమార్లు నొక్కినచో ఒక పట్టిక వచ్చును. అందు "లో రిజల్యూషన్" అను మాటగల పంక్తిని ఎన్నుకొనుడు. విండోస్ 10, 11 లలో ప్రారంభ మధ్యమున రెండు మూడు పర్యాయములు ఆగినచో మరమ్మతు పుట వచ్చును. అందు ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అను వరుసలో వెళ్లి, రీస్టార్ట్ చేసి, 3 అను అంకెను నొక్కవలెను. ఇట్లు బలవంతముగా ఆపుట వేరుదారి లేనపుడే చేయదగును.

ఐదవది: చిత్రము కనుపించిన తరువాత డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరచి, "రికమెండెడ్" అని వ్రాసియున్న రిజల్యూషనును ఎన్నుకొనుడు. తెరయందలి చుక్కల అసలు సంఖ్య సాధారణముగా అదియే. సెకండునకు పర్యాయములు 60 గా నుంచుడు. తగిన సంఖ్య పట్టికలో కానరానిచో, చిత్రమును పంపు భాగమునకు సంబంధించిన డ్రైవరు లోపించియుండును. దానిని మరల స్థాపింపవలెను.

6. చిక్కు రాకుండ జాగ్రత్తలు

అక్షరములు చిన్నవిగా నున్నవని రిజల్యూషనును తగ్గింపరాదు. అదే పుటలో "స్కేల్" అనునది కలదు. దానిని 125 లేక 150 శాతమునకు పెంచినచో చుక్కలు చెదరక అక్షరములు పెద్దవగును. దృష్టి తగ్గిన పెద్దలకు ఇదియే మేలు. ప్రతి మానిటరునకును తగిన రిజల్యూషనును చిన్న కాగితముపై వ్రాసి దాని వెనుక అంటింపుడు. మార్పు చేయుటకు ముందు పాత సంఖ్యను పుస్తకమున గుర్తుంచుకొనుడు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. యంత్రము చెడినదని విన్న ఉపాధ్యాయుడు మొదట అడుగవలసిన ప్రశ్న "ఎవరు చెడగొట్టిరి?" అనునది కాదు; "నాయనా, చివర మార్చినదేమి?" అనునది. దండనకు వెరచి బాలుడు నోరు మెదపనిచో, రెండు నిమిషముల పని రెండు దినములు పట్టును. మరమ్మతువాని కూలియు దండుగయగును. "నేను ఈ సంఖ్యను మార్చితిని సార్" అని ఒక్కమాట చెప్పినచో సగము మరమ్మతు ముగిసినట్లే. పిల్లలు నిజము చెప్పుటకు జంకకుండునట్లు మెలగుట పెద్దల వంతు. చేసినది దాచకుండుట పిల్లల వంతు.

అభ్యాసము

1. 1366 చుక్కలు, 768 వరుసలు గల తెరలో మొత్తము చుక్కలెన్ని?
2. 1080 వరుసలను సెకండునకు 60 మార్లు పంపినచో ఎన్ని వరుసలగును?
3. "నో సిగ్నల్", "ఔట్ ఆఫ్ రేంజ్" అను రెండు మాటలకు భేదమేమి?
4. మసక తెరపై తెలుగు పేర్లు ఏల సరిచూడరాదు? రెండు ఉదాహరణములిచ్చి వివరింపుము.
5. మీ పాఠశాలలోని మానిటర్లకు తగిన రిజల్యూషను ఎంతయో కనుగొని పట్టిక వ్రాయుము.