విద్వత్తు – బ్రేక్ నృత్యము: ఒక పరిశీలన

చదువుతోపాటు మరొక సాధనను కడవరకు కొనసాగించుట సాధ్యమా? విద్యార్థి దశలో మనలను తరచుగా వేధించే ప్రశ్న ఇది. ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ రేచల్ గన్ అనుభవము ఈ విషయమున పరిశీలింపదగినది.

బ్రేక్ నృత్యము 1970 దశకములో న్యూయార్క్ నగరమందలి బ్రాంక్స్ ప్రాంతమున, నల్లజాతి యువకుల నడుమ జన్మించినది. నిలబడి వేసే అడుగులు, చేతులానించి నేలపై సాగించే పాదచాలనము, శరీరమును చక్రమువలె త్రిప్పే విన్యాసములు, హఠాత్తుగా శిలవలె నిలిచిపోయే భంగిమలు దీని ప్రధానాంగములు. పోటీలో ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి తరువాత ఒకరు నర్తించెదరు.

గన్ సిడ్నీ నగరపు బ్రేక్ నృత్యరంగములో స్త్రీల స్థానమును గూర్చి మాక్వారీ విశ్వవిద్యాలయములో పరిశోధించి, 2017లో డాక్టరేటు పొందినారు. అక్కడనే అధ్యాపకురాలిగా పనిచేసినారు. పురుషులే అధికముగా ఉన్న ఆ రంగమున తాను స్వయముగా నర్తించిన అనుభవము ఆమె పరిశోధనకు ఆధారమైనది. నృత్యము చదువునకు ఆటంకము కాలేదు, చదువునకు వస్తువైనది.

2023లో ఓషియానియా పోటీలలో గెలిచిన ఆమె, 2024 ఆగస్టు 9న పారిస్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నారు. మూడు పోటీలలోను 18–0 తేడాతో ఓడిపోయినారు. ఆమె వయస్సు 36. ప్రత్యర్థులలో ఒకరికి 17 ఏండ్లు మాత్రమే. బలప్రధానమైన విన్యాసములలో వారిని మించలేనని ఎరిగి, నవ్యతను ఆశ్రయించినట్లు ఆమెయే చెప్పినారు. లోకము పరిహసించినది. ఆ సంవత్సరము నవంబరులో పోటీల నుండి విరమించుచున్నట్లు ఆమె ప్రకటించినారు.

అయితే ఆ సున్నకు అర్థమేమి? తొమ్మండుగురు న్యాయనిర్ణేతలు రెండు ఆవృత్తములలో, ఇద్దరిలో ఎవరు మెరుగో నిర్ణయింపగా మొత్తము 18 ఓట్లగును. సున్న వచ్చినంత మాత్రమున నైపుణ్యము శూన్యమని కాదు. ప్రతిసారియు ప్రత్యర్థియే మెరుగని మాత్రమే.

సోదర విద్యార్థులారా! పరిశోధన తర్కమును పరీక్షించును. నృత్యవేదిక ఆనాటి దేహసాధనను పరీక్షించును. డాక్టరేటు ఆమెకు ఒక్క ఓటు తేలేదు. ఆ ఓటమి ఆమె డాక్టరేటును రద్దు చేయలేదు. రెండు సాధనలు చేపట్టదలచినవారు రెండు పరీక్షలకు వేరువేరుగా సిద్ధము కావలెను. ఒకదానిలో తప్పినవారిని రెండవదానికి కూడ అనర్హులని పెద్దలు తీర్మానింపరాదు.