పాలిచ్చే తల్లికి సాయం: ఇన్సూరెన్స్‌ను ఏడో నెలలోనే అడగండి

అమెరికాలో తొలి కాన్పుకు సిద్ధమయ్యే తెలుగు దంపతులు ఆస్పత్రి ఖర్చు గురించి తెలిసినవాళ్లందరినీ వాకబు చేస్తారు. బిడ్డకు పాలు పట్టడంలో ఇబ్బంది వస్తే ఎవరిని పిలవాలి, ఆ ఫీజు ఎవరు కట్టాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. పురుటికి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉన్న మనకు ఆ ప్రశ్న తట్టకపోవడంలో వింత లేదు. ఇక్కడ ఆ పనికి లాక్టేషన్ కన్సల్టెంట్ ఉంటారు, ఆవిడకు ఫీజు ఉంటుంది. చాలా ప్లాన్లలో ఆ ఫీజు ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టి తీరాలి. అయితే అది అడిగితేనే దక్కుతుంది, అదీ కాన్పుకు ముందే అడిగినవాళ్లకు సులువుగా దక్కుతుంది.

దీనికి ఆధారం 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్. ఆ చట్టం కింద వచ్చిన మహిళల నివారణ సేవల మార్గదర్శకాల ప్రకారం, 2012 ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి పాలిచ్చే తల్లులకు సలహా, శిక్షణ, బ్రెస్ట్ పంపు కోపే గానీ డిడక్టిబుల్ గానీ లేకుండా అందాలి. 2021లో సవరించిన మార్గదర్శకాలు డబుల్ ఎలక్ట్రిక్ పంపునూ, పాలు నిల్వ చేసే సామగ్రినీ పేరు పెట్టి చేర్చాయి. భర్త హెచ్‌-1బి మీద, భార్య హెచ్‌-4 మీద ఉన్నా తేడా ఏమీ లేదు. భర్త కంపెనీ ప్లాన్‌లో ఆమె పేరు ఉంటే చాలు. 2010 మార్చి 23కు ముందు నుంచీ పెద్ద మార్పుల్లేకుండా నడుస్తున్న పాత ప్లాన్లకూ, షార్ట్ టర్మ్ ప్లాన్లకూ, విజిటర్ ఇన్సూరెన్స్‌కూ ఈ నిబంధన వర్తించదు. మీది ఏ కోవలోదో కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగితే తేలిపోతుంది.

చిక్కంతా నెట్‌వర్క్ దగ్గరే. ఉచితం అన్న మాట ప్లాన్‌తో ఒప్పందం ఉన్న ఇన్‌నెట్‌వర్క్ వాళ్లకే వర్తిస్తుంది. మరి ఆ నెట్‌వర్క్‌లో లాక్టేషన్ కన్సల్టెంటే లేకపోతే? 2015 అక్టోబరులో కార్మిక, ఆరోగ్య, ట్రెజరీ శాఖలు కలిసి దీనికి జవాబిచ్చాయి. నెట్‌వర్క్‌లో ఈ సేవ చేసేవాళ్ల జాబితాను ప్లాన్ ఇవ్వాలి. ఎవరూ లేకపోతే బయటివాళ్ల దగ్గర తీసుకున్న సేవకు కూడా తల్లి మీద భారం వేయకూడదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లే ఇస్తామనడం కుదరదు. రాష్ట్రంలో లాక్టేషన్ కన్సల్టెంట్లకు విడిగా లైసెన్సు లేదన్న సాకుతో సేవనే ఎత్తేయడానికీ వీల్లేదు; తన లైసెన్సు పరిధిలో పనిచేసే నర్సు చేసినా చెల్లించాలి. కాబట్టి జాబితా తెప్పించుకుని ఊరుకోకండి, అందులోని నంబర్లకు ఫోన్ చేసి నిజంగా ఆ పని చేస్తారో లేదో కనుక్కోండి. ఎవరూ దొరక్కపోతే బయటివాళ్ల సేవను నెట్‌వర్క్ సేవగా లెక్కించే నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్ కావాలని మెంబర్ పోర్టల్‌లో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో విన్న హామీ బిల్లు వచ్చిన రోజున ఎందుకూ కొరగాదు.

ఇదంతా కాన్పయ్యాక చూసుకోవచ్చు కదా అంటారు. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఆస్పత్రి బసను మామూలు కాన్పుకు 48 గంటల కన్నా, సిజేరియన్‌కు 96 గంటల కన్నా తక్కువకు ఇన్సూరెన్స్ కుదించకూడదు. అంతకన్నా ఎక్కువ ఉండనిస్తుందన్న హామీ లేదు. తల్లికి పాలు నిండుగా పడేది సాధారణంగా రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య. అంటే అసలు అవసరం మొదలయ్యేసరికి చాలామంది తల్లులు ఇల్లు చేరి ఉంటారు. ఆకలికి ఏడ్చే బిడ్డను ఒడిలో పెట్టుకుని కస్టమర్ సర్వీస్ లైన్లో నిరీక్షించడం ఎవరికీ అక్కర్లేని శిక్ష.

అమ్మ వస్తోంది, ఇక వేరే మనిషి ఎందుకు అన్నది మరో మాట. బాలింతకు అమ్మ తోడు ఎంత బలమో చెప్పనక్కర్లేదు. కానీ బిడ్డ నాలుక కింద పొర బిగుతుగా ఉందా, పంపు ఫ్లాంజ్ (రొమ్ముకు ఆనించే గరాటు) ఏ సైజుది కావాలి, ఉద్యోగానికి వెళ్లాక రోజుకు ఎన్నిసార్లు పాలు తీయాలి అన్నవి శిక్షణ పొందినవాళ్లు చెప్పాల్సినవి. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ముర్రుపాలు పిండి పారబోస్తారు, పుట్టిన బిడ్డకు తేనె నాకిస్తారు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదకరం. అలాంటి మాట కూతురు చెబితే గొడవవుతుంది, బయటి మనిషి చెబితే అమ్మ కూడా వింటుంది. ఫార్ములా పట్టాలనుకునే తల్లిని ఈ కవరేజీ ఏమీ బలవంతపెట్టదు. రెండూ కలిపి పట్టేవాళ్లకూ అది ఉపయోగమే.

ఇంత చేసినా బిల్లు వస్తే? రావచ్చు. నివారణ సేవగా నమోదు కావాల్సింది మామూలు విజిట్‌గా కోడ్ అయితే కోపే పడుతుంది. వెంటనే కట్టేయకుండా ముందు క్లినిక్‌ను కోడ్ సరిచూడమనండి. అయినా కంపెనీ తిరస్కరిస్తే, ఆ నోటీసు అందిన నాటి నుంచి అప్పీలుకు 180 రోజులు ఉంటాయి. అప్పీలులోనూ కాదంటే, వర్తించే వివాదాల్లో బయటి సమీక్ష కోరడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది.