ఒకటో తరగతిలో ఆరు రోజులు



ఆదివారం పూజ ముగిసిన తరువాత గుడి వరండాలో నన్ను ఆపి మాట్లాడే తల్లిదండ్రులలో పదో తరగతి పిల్లల వారు ఉంటారు, ఇంటర్మీడియెట్ పిల్లల వారు ఉంటారు. కాలేజీ సీటు గురించి, హాస్టలు గురించి, ఫీజుల గురించి అడుగుతారు. ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రులు అడిగేది మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "ఫాదర్‌గారూ, బడి తెరిచి రెండు నెలలు కావస్తోంది, మావాడికి ఇంకా నాలుగు ముక్కలు చదవడం రాలేదు. బడి మార్చమంటారా?" మరికొందరు నన్ను అడగరు. ఇంట్లోనే పిల్లవాడి వీపు మీద లెక్క తేల్చుకుంటారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆ రెండు నెలలలో ఆరేళ్ల పిల్లవాడు చేస్తున్న పని ఏమిటో ముందు మనకు తెలియాలి. మనమందరం ఒకటో తరగతి చదివినవాళ్లమే గాని, అది మనకు గుర్తులేదు. చదవడం వచ్చిన మనిషికి చదవడం రాని స్థితి ఎట్లా ఉంటుందో ఊహకు కూడా అందదు. "మ" అనే అక్షరాన్ని చూస్తూ, దాన్ని "మ" అని చదవకుండా, ఉత్త గీతలుగా మాత్రమే చూడటం మీకు సాధ్యమవుతుందేమో ప్రయత్నించండి. కాదు. అందుచేత జూలై నెలలో ఒక వారం, సోమవారం మొదలు శనివారం వరకు, మా విచారణ బడిలో ఒకటో తరగతి గది వెనుక కూర్చున్నాను. టీచరుగారు అనుమతి ఇచ్చారు గాని ఒక షరతు పెట్టారు: మధ్యలో నేను పిల్లలను ప్రశ్నలు అడగకూడదు. మంచి షరతే. ఫాదర్‌గారు ప్రశ్న అడిగితే వచ్చిన జవాబు కూడా రానట్టే అవుతుంది.

సోమవారం టీచరుగారు నల్లబల్ల మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. పిల్లలచేత చప్పట్లు కొట్టించారు. "బడి" అంటే రెండు చప్పట్లు. "పలక" అంటే మూడు. "మామిడిపండు" అంటే అయిదు. తరువాత ఒక్కొక్కరి పేరుకు ఎన్ని చప్పట్లో కొట్టి చూసుకున్నారు. కిటికీలోంచి చూసే తండ్రికి ఇది ఆటగానే కనిపిస్తుంది. ఫీజు కట్టిన తండ్రి అయితే కొంచెం కోపం కూడా వస్తుంది. కాని చదువుకు పునాది ఇక్కడే ఉంది. చిన్నపిల్లలకు మాట అంటే శబ్దం కాదు, వస్తువు. "బడి" అంటే వాడి కళ్ల ముందు బడి నిలబడుతుంది. అందులో "బ", "డి" అని రెండు ముక్కలున్నాయన్న సంగతి ఎవరూ చెప్పకపోతే వాడికి ఎన్నటికీ తోచదు. నమ్మకం లేకపోతే మీ ఇంట్లో అయిదేళ్ల పిల్లను అడగండి: "రైలు", "సీతాకోకచిలుక" ఈ రెండింటిలో ఏది పెద్ద మాట? చాలామంది పిల్లలు రైలే పెద్దది అంటారు. వాళ్లు మాటను కొలవడం లేదు, రైలును కొలుస్తున్నారు. మాటను వస్తువు నుంచి విడదీసి చెవితో పట్టుకోవడం వచ్చిన రోజున అక్షరానికి పని దొరుకుతుంది. అంతకుముందు పలక మీద దిద్దించినవన్నీ బొమ్మలే.

మంగళవారం అక్షరాలు. మనలో చాలామందికి తెలిసిన పద్ధతి వల్లెవేయించడం. "క ఖ గ ఘ" అని పిల్లలు పాటలాగా అప్పగిస్తారు, విన్నవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. కాని వరస తప్పించి ఒక్క "డ" మీద వేలుపెట్టి "ఇదేమిటి?" అని అడిగితే, పిల్లవాడు మనసులో "క" దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ రావాలి. ఊరి మొదటి గడప నుంచి ఇళ్లన్నీ లెక్కపెట్టుకుంటూ పోతే తప్ప మేనమామ ఇల్లు దొరకని మనిషిని ఏమంటాం? ఆ టీచరుగారు వరస పట్టుకోలేదు. తలకట్టు తప్ప గుణింతం గుర్తులేవీ లేని, ఒత్తులు లేని మాటలు ఏరుకున్నారు: వల, తల, పడవ, గడప, పలక, పనస. నాలుగైదు అక్షరాలు వస్తే చాలు, వాటినే అటు మార్చి ఇటు మార్చి కొత్త మాటలు చదవవచ్చు. "పలక"లోని "ల", "వల"లో మళ్లీ కనిపించినప్పుడు ఒక అమ్మాయి బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. టీచరుగారు కూర్చోమనలేదు.

మరి మొదటి మాట "అమ్మ" కావద్దా అని మీరు అడగవచ్చు. నేనూ సాయంత్రం అడిగాను. అమ్మ చెవికి ఎంత సులువో కంటికి అంత కష్టం. చప్పట్లు కొడితే "అమ్", "మ" అని విడిపోతుంది. రాతలో "అ", "మ్మ" అని విడిపోతుంది, అందులో కింద ఒత్తు. ఒత్తులు నేర్పేది అన్నిటికన్నా చివర. కాబట్టి పిల్లవాడు "అమ్మ" అని చదివాడంటే అక్షరాలు చదివాడని కాదు, ఆ బొమ్మను గుర్తుపట్టాడని. తప్పేమీ లేదు, ప్రేమగా గుర్తుపెట్టుకోనివ్వండి. కాని దాన్ని చదువు అనుకోకండి.

ఇక్కడే నేను మీతో గట్టిగా చెప్పదలచిన మాట ఒకటి ఉంది. అదే గదిలో ఒక పిల్లవాడి నోటుపుస్తకం చూశాను. పేజీ నిండా "త". ముత్యాల కోవలా ఉంది; ఏ తల్లి చూసినా మురిసిపోతుంది. టీచరుగారు పుస్తకం మూసి, పలక మీద ఒక్క "త" రాసి "ఇదేమిటి నాన్నా?" అంటే, వాడు పలక చూడలేదు, ఆవిడ ముఖం చూశాడు. చెయ్యి నేర్చుకుంది, కన్ను, చెవి ఇంకా కలవలేదు. మన ఇళ్లలో సాయంత్రం జరిగే తనిఖీ అంతా చేతికే: ఎన్ని పేజీలు రాశావు, హోంవర్కు అయిందా, గీత దాటిందా. ఆ పిల్లవాడు ఆ తనిఖీలో రోజూ నెగ్గుతూ రెండో తరగతికి, మూడో తరగతికి పోగలడు. అయిదో తరగతికి వచ్చి పుస్తకం ముందు మౌనంగా కూర్చునే పిల్లలలో చాలామంది ఇట్లా చక్కగా చూసిరాసినవాళ్లే. అప్పుడు వాళ్లను మొద్దులంటాం.

బుధవారం వాన. నాట్ల రోజులు కూడా కావడంతో సగంమంది రాలేదు. వచ్చినవాళ్లలో ఒకమ్మాయి చంకన తమ్ముడు ఉన్నాడు. ఆ రోజు చెమ్మచెక్కతోనే గడిచింది. పెద్ద తరగతిలో ఒక రోజు పోతే పక్కవాడి నోట్సు చూసి రాసుకోవచ్చు. ఒకటో తరగతిలో పోయిన రోజును రాసుకోవడానికి వీలుండదు. తల్లులారా, తండ్రులారా, కూలి పనుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు; అయినా అక్కను ఇంట్లో ఆపే ముందు ఈ మాట ఒకసారి తలచుకోండి.

గురువారం, శుక్రవారం లెక్కలు. చింతగింజలు కుప్పపోశారు. వందవరకు గడగడ అప్పగించే పిల్లవాడు పదకొండు గింజలు లెక్కపెట్టలేకపోయాడు. నోరు ముందు పరుగెత్తుతోంది, వేలు వెనకబడుతోంది. ఒక గింజను రెండుసార్లు తాకాడు, ఇంకొక దానిని వదిలేశాడు. మరొక అమ్మాయి తప్పు లేకుండా ఏడు లెక్కపెట్టింది. "అయితే ఎన్ని ఉన్నాయి?" అంటే మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టింది. చివర పలికిన "ఏడు" అనే మాట ఆఖరి గింజ పేరు కాదు, మొత్తం కుప్ప లెక్క అని తెలియడం ఒక పెద్ద మెట్టు. అవే ఏడు గింజలను దూరం దూరంగా పరిస్తే "ఇప్పుడు ఎక్కువయ్యాయి" అనే పిల్లలు ఉన్నారు. స్విట్జర్లాండుకు చెందిన జాన్ పియాజే అనే శాస్త్రవేత్త 1941లో పిల్లల సంఖ్యాజ్ఞానం మీద వెలువరించిన గ్రంథంలో ఈ సంగతినే సవిస్తరంగా చూపించాడు. అది తెలివితక్కువతనం కాదు, వయస్సు. పెద్దదిగా కనిపించేదే ఎక్కువ అని కన్ను చెబుతోంది; కాదని చెప్పే బుద్ధి మెల్లగా మేలుకుంటోంది.

శుక్రవారం ఒకడు పదమూడు రాయమంటే "103" రాశాడు. పక్క పిల్లలు నవ్వారు. టీచరుగారు చెరపలేదు, "ఎందుకట్లా రాశావు?" అని అడిగారు. "పది రాశా, పక్కన మూడు రాశా" అన్నాడు. ఆలోచించండి, వాడి తర్కంలో దోషం ఎక్కడుంది? నోరు పలికినట్టే చెయ్యి రాసింది. మేజర్ సెమినరీలో తర్కం చదువుకున్న నాకు కూడా ఆ జవాబు నచ్చింది. తరువాత చీపురు పుల్లలు వచ్చాయి. పది పుల్లలు ఒక కట్టగా కట్టి రబ్బరు బ్యాండు వేశారు. ఒక కట్ట, మూడు విడి పుల్లలు. "పది"లోని సున్న చోటులో మూడు కూర్చుందని వాడికి అర్థం కావడానికి అరగంట పట్టింది. ఎర్రసిరాతో కొట్టేసి ఉంటే అర నిమిషం పట్టేది, వాడికి ఏమీ తెలిసేది కాదు.

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గురువు పనిని వైద్యుడి పనితో పోల్చాడు. రోగం నయం చేసేది శరీరంలో ఉన్న స్వభావశక్తే, వైద్యుడు దానికి తోడ్పడతాడు. అట్లాగే విద్యార్థిలో ఉన్న బుద్ధివెలుగే నేర్చుకుంటుంది, గురువు దానికి తోడ్పడతాడు. సెమినరీలో ఇది చదివినప్పుడు పరీక్షకు పనికివచ్చింది. చీపురు పుల్లల దగ్గర దాని అర్థం కనిపించింది.

ఇక దెబ్బల సంగతి. విద్యాహక్కు చట్టం (2009), 17వ సెక్షను ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమలులో ఉంది. అయినా "బాగా నాలుగు తగిలించండి ఫాదర్" అని మీరే చెబుతారు. పునీత అగుస్తీను మాట వినండి. 354వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఆ మహామేధావి, బడిలో తనను కొట్టకుండా చూడమని చిన్నతనంలో దేవుణ్ణి ప్రార్థించేవాడినని, తన దెబ్బలు చూసి తల్లిదండ్రులతో సహా పెద్దవాళ్లు నవ్వేవాళ్లని తన ఆత్మకథలో రాసుకున్నాడు. లాటిను భాష దాదుల ముద్దుమాటల మధ్య, భయం లేకుండా, ఇష్టంగా వచ్చిందట; గ్రీకు భాష బడిలో బెదిరింపుల మధ్య నేర్పితే దాని మీద ద్వేషం పుట్టిందట. అంతటి బుద్ధిమంతుడికే అట్లా జరిగితే, బలపం పట్టుకోవడం రాని మన పిల్లల సంగతి ఏమిటి?

అగుస్తీను మాటలో మరొక సంగతి కూడా ఉంది: ఇంటి భాష. ఇంగ్లీషు మీద నాకు కోపం లేదు, పిల్లలకు అది కావాలి. కాని "పలక" అన్నప్పుడు మూడు చప్పట్లకు మూడు అక్షరాలు. "క్యాట్" అన్నప్పుడు ఒక్క చప్పట్లోంచి మూడు అక్షరాలు తీయాలి. ఇంట్లో ఎన్నడూ వినని మాటను అట్లా ముక్కలు చేయమంటే ఆరేళ్ల పిల్లవాడు కంఠస్థం తప్ప ఏం చేస్తాడు? ఫ్రాన్సులో పిల్లలకు ముందుగా లాటిను చదివించే రోజులలో, పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ (1651-1719) తన బడులలో ముందు వాళ్లు మాట్లాడే ఫ్రెంచిలోనే చదవడం నేర్పించాడు. 1950లో పోపుగారు ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా ప్రకటించారు. ఇంటి భాషలో ఒకసారి చదవడం పట్టుబడితే రెండో భాషకు ఆ తాళంచెవి పనికివస్తుంది. ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష అని కూడా టీచర్లు మరచిపోకూడదు.

మొదటి ప్రశ్నకు వస్తాను. రెండు నెలలు చాలవా? చాలవు. ముప్పై అయిదు హల్లులు అనుకున్నా, ఒక్కొక్కదానికి దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం అంటూ పన్నెండు రూపాలు వేసుకున్నా, నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు వేరే. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన "నిపుణ్ భారత్" పథకం కూడా, పిల్లలు అర్థం చేసుకుంటూ చదవడానికి, చిన్న లెక్కలు చేయడానికి మూడో తరగతి పూర్తయ్యే వరకు గడువు పెట్టింది. మీరు దసరా వరకు కూడా ఆగరు. బడి మార్చితే పిల్లవాడు కొత్త ముఖాల మధ్య మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు. అయితే క్రిస్మస్ సెలవులకు కూడా "వల", "తల" వంటి మాటలు చదవలేకపోతే తప్పకుండా టీచరుగారి దగ్గరకు వెళ్లండి. ముందు కన్ను, చెవి పరీక్ష చేయించండి. బల్ల మీది అక్షరం కనిపించక మొద్దులనిపించుకున్న పిల్లలున్నారు.

బడులు నడిపే నా తోటి గురువులకు, మఠకన్యలకు ఒక మనవి: ఉన్న టీచర్లలో దిట్టను పదో తరగతికి, కొత్తగా చేరినవారిని ఒకటో తరగతికి వేయడం మన అలవాటు. దాన్ని ఒక్క ఏడాది తిరగేసి చూడండి.

శనివారం విశేషమేమీ లేదు. వారమంతా చదివిన మాటలే మళ్లీ చదివించారు. ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఇంతకన్నా పెద్దదేమీ కాదు. అన్నాలకు కూర్చునేటప్పుడు ఎంతమందికి కంచాలు కావాలో పిల్లవాడినే లెక్కపెట్టి తెమ్మనండి. బస్సు బోర్డు మీద వాడికి తెలిసిన అక్షరం ఒక్కటి వెతకమనండి. రాత్రి ఒక కథ చెప్పండి. అక్షరం రాని తల్లులు మాకేం చేతనవుతుందని అనుకోవద్దు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని "ఇదేం మాట? ఇందులో 'ల' ఏది? నాకు చెప్పవా?" అని అడిగే తల్లి ముందు పిల్లవాడు పంతులవుతాడు. చదివి వినిపించడానికి పుస్తకాలు ఎక్కడివంటారా? చాలా బడులలో కథల పుస్తకాలు ఉన్నాయి, చిరుగుతాయన్న భయంతో బీరువాలో తాళం వేసి ఉన్నాయి. వచ్చే సోమవారం బడికి వెళ్లి, వారానికి ఒకటి చొప్పున ఇంటికి ఇవ్వమని హెడ్మాస్టరుగారిని అడగండి. చిరిగినవి అంటించడానికి కొంచెం మైదాపిండి మీరే తీసుకువెళ్లండి.