ఆయిల్‌కు 10 వేల కిలోమీటర్లు... మరి ఫిల్టర్‌కు?

ఒకప్పుడు కార్లలో ఇంజిన్ ఆయిల్‌ను 5 వేల కిలోమీటర్లకే మార్చేవారు. ఇప్పుడు మన దేశంలో చాలా పెట్రోలు కార్ల మాన్యువల్‌లో '10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది' అని ఉంటుంది. మంచి సింథటిక్ ఆయిల్ పోయిస్తే 15 వేల దాకా చూసుకోనక్కర్లేదని చెప్పేవారూ ఉన్నారు. అయితే ఆయిల్ అన్నాళ్లు నిలిచినా, దాన్ని వడకట్టే ఫిల్టర్ నిలుస్తుందా?

ముందు ఆయిల్ సంగతి. డిప్‌స్టిక్ తీసి చూస్తే నల్లగా ఉంది కాబట్టి చెడిపోయిందనుకుంటాం. డీజిల్ కార్లలోనైతే కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. ఆయిల్‌లో కలిపిన రసాయనాలు మసిని గడ్డకట్టనివ్వకుండా విడివిడిగా పట్టి ఉంచడం వల్ల వచ్చే రంగు అది. అంటే అవి పని చేస్తున్నాయన్నమాట.

అసలు ఖర్చైపోయేది ఆ రసాయనాలే. ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువులు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి జారుతాయి. వాటివల్ల ఏర్పడే ఆమ్లాలను ఆయిల్‌లోని క్షార పదార్థాలు తటస్థం చేస్తూ తరిగిపోతాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ఇంధనంలో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గడంతో ఈ భారం కొంత తేలికైంది.

నీరు మాత్రం తగ్గలేదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. నమ్మబుద్ధి కాదు గానీ, పెట్రోలులోని హైడ్రోజన్‌ను లెక్కగడితే అంతే వస్తుంది. అందులో చాలావరకు ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది, కొంచెం ఆయిల్‌లో చేరుతుంది. దూరప్రయాణంలో ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ ఎగిరిపోతుంది. రోజూ బడిదాకా రెండు కిలోమీటర్లు వెళ్లొచ్చే కారులో అంత వేడి రాదు. అందుకే ఏడాదికి 4 వేల కిలోమీటర్లే తిరిగిన కారు ఆయిల్, హైవే మీద 10 వేలు తిరిగిన కారు ఆయిల్ కన్నా పాడై ఉండొచ్చు. 'ఏడాది' అన్న షరతు సర్వీస్ సెంటర్ల ఎత్తుగడ అని నేనూ చాలాకాలం అనుకున్నాను.

నీరు, ఆమ్లం, ఇంధనం ఫిల్టర్‌కు చిక్కవు. మసి రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి కాబట్టి అవీ దాటిపోతాయి. ఫిల్టర్ పట్టాల్సింది దుమ్మును, అరిగిన లోహపు రజనును. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బేరింగుల్లో క్రాంక్ షాఫ్ట్‌ను మోసే ఆయిల్ పొర మందం చాలాచోట్ల కొన్ని మైక్రాన్లే. ఆ సందులో ఇరుక్కునే, కంటికి కనిపించని రేణువులే లోహాన్ని గీరేస్తాయి.

ఫిల్టర్ పెట్టె మీద '20 మైక్రాన్లు' అని ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఆ సైజు రేణువుల్లో ఎన్నింటిని పడుతుందన్నదే ప్రశ్న. ఐఎస్ఓ 4548-12 అనే పరీక్షలో దుమ్ము కలిపిన ఆయిల్‌ను ఫిల్టర్ గుండా పదేపదే తిప్పుతూ, ముందూ వెనకా రేణువులను లెక్కిస్తారు. రెండు లోపలికి వెళ్లి ఒకటి బయటపడితే సామర్థ్యం 50 శాతం. 75 వెళ్లి ఒకటే బయటపడితే దాదాపు 98.7 శాతం. రెండు పెట్టెల మీదా 20 మైక్రాన్లనే రాసుకోవచ్చు!

చెత్త పట్టే కొద్దీ ఫిల్టర్ నిండుతుంది. పూర్తిగా మూసుకుపోతే ఇంజిన్‌కు ఆయిల్ అందదు కదా, అందుకే ఫిల్టర్‌లోనో దాన్ని బిగించే చోటో బైపాస్ వాల్వు పెడతారు. ఫిల్టర్‌కు రెండు వైపులా ఒత్తిడి తేడా సుమారు ఒక బార్ దాకా పెరిగితే అది తెరుచుకుని, ఆయిల్‌ను వడకట్టకుండానే పంపేస్తుంది. ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది, డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు. ఖరీదైన ఆయిల్ పోయించి, చౌక ఫిల్టర్ బిగించి, 15 వేల కిలోమీటర్లు లాగితే జరిగేది ఇదే కావచ్చు. సన్నటి కృత్రిమ నూలుపోగులతో చేసిన ఫిల్టర్లు మామూలు కాగితం కన్నా ఎక్కువ చెత్తను పట్టి ఉంచగలవు. దీర్ఘకాల ఆయిల్‌కు వాటినే జత చేయడం మేలు.

ఉదయం స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు గడగడమని శబ్దం వస్తోందా? ఇంజిన్ ఆపాక ఆయిల్‌ను ఫిల్టర్‌లోనే నిలిపి ఉంచే రబ్బరు వాల్వు వేడికి గట్టిపడి, ఆయిల్ కిందికి జారిపోయి ఉండొచ్చు. ఇక్కడ సిలికాన్ రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది.

చాలా మాన్యువల్స్‌లో తొందరగా ఆయిల్ మార్చమనే రెండో పట్టిక ఒకటి ఉంటుంది. దుమ్ము, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, చిన్న ప్రయాణాలు ఉన్నవారికి వర్తించేది అదే. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారు ఏ పట్టికలోకి వస్తుందో పెద్దగా ఆలోచించనక్కర్లేదు.