అరవై దాటాక అచ్చయిన ప్రేమ నవల

తెలంగాణలోని మోర్తాడ్‌కు కోడలిగా వచ్చాను, ఇక్కడే నాయనమ్మనయ్యాను. ప్రేమ నవల రాయాలన్న కోరిక పెళ్లికి ముందు నుంచీ ఉంది. పుస్తకం అచ్చయింది మాత్రం అరవై దాటాకే. ఆ నడుమ కాలంలో బతుకు నేర్పినవి రాయాలనుకునే పిల్లలకు చెబుతున్నాను.

1. ప్రేమను రాయాలంటే ముందు దాన్ని వినాలి.

పదో తరగతి చదివినదాన్ని కాబట్టి, దుబాయికీ మస్కట్‌కూ పోయిన మగవాళ్లకు మా వాడకట్టు ఆడవాళ్ల ఉత్తరాలు నేనే రాసేదాన్ని. ఒకామె చాట ముందేసుకొని, బీడీలకు తునికాకు కత్తిరిస్తూ, అప్పు మిత్తి, పసుపు ధర, పిల్లగాని జ్వరం అన్నీ వరుసగా చెప్పింది. ఉత్తరం మడవబోతుంటే తల ఎత్తకుండానే, “అక్కా, నువ్వు విడిచిపోయిన అంగీ ఇంకా ఉతుకలేదని రాయి” అంది. ప్రేమ అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రేమ సన్నివేశానికీ ఆమే గురువు.

2. మన ఊరి ప్రేమ మన ఊరి మాటే మాట్లాడాలి.

మా తరం అద్దె పుస్తకాలతో పెరిగింది. యద్దనపూడి సులోచనారాణి 1960లలో రాసిన ‘సెక్రటరీ’లోని రాజశేఖరం లాంటి మగవాడి కోసం ఊళ్లకు ఊళ్లే కలలు కన్నాయి. నేనూ మొదట అలాంటి బంగళా, కారు ఉన్న కథలే రాశాను. నేను ఎన్నడూ మెట్లెక్కని బంగళా అది. అందుకే అందులో మనుషులు బతకలేదు. దాశరథి రంగాచార్య నలభై దాటాక ‘చిల్లర దేవుళ్లు’ రాశారు. తెలంగాణ పల్లె మాట నవలలో ఎంత నిండుగా పలుకుతుందో అందులో చూశాను. పసుపు ఉడకబెట్టే కళ్లాలూ, బీడీ కార్ఖానా ముందు వరుసలూ, 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెదిరిపోయిన కుటుంబాలూ ఉండగా ప్రేమకథ కోసం మనం దూరం పోనక్కర లేదు.

3. నమ్మి చెప్పిన ముచ్చటను ఉన్నదున్నట్టు రాయకూడదు.

తొలి ప్రతిలో ఒక పొరుగామె బతుకును పేరొక్కటి మార్చి దించేశాను. చదివి వినిపిస్తే ఆమె నన్నేమీ అనలేదు, లేచి వెళ్లిపోయింది. ఆ మౌనం నాకు చాలాకాలం నిద్ర లేకుండా చేసింది. ఆ అధ్యాయాలన్నీ తీసేసి, కథను మొదటి నుంచి మళ్లీ అల్లుకున్నాను. మనుషుల దగ్గర తీసుకోవాల్సింది వాళ్ల మనసు తీరును. వాళ్ల గుట్టును కాదు.

4. పెద్దవయసు రచయితకు ఉపదేశమే పెద్ద శత్రువు.

చూసింది ఎక్కువ కాబట్టి చెప్పాలన్న ఆత్రమూ ఎక్కువే. నా నాయికకు ఇరవై రెండేళ్లు, మాటలు మాత్రం నావి. “నాయనమ్మా, ఈ పిల్ల తప్పు చెయ్యదా?” అని నా మనవరాలు అడిగింది. ఆ ప్రశ్నతోనే నవల దారిలో పడింది. నాయికను తొందరపడనిచ్చాను, అలగనిచ్చాను, తప్పుడు మనిషిని నమ్మనిచ్చాను. మన అనుభవం పాత్రల నోట పలకకూడదు. వాళ్లను క్షమించే తీరులో కనబడాలి.

5. రాయడం ఎంత పనో, అచ్చు వేయించడమూ అంతే పని.

సీరియళ్లు వేసే వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు ప్రతిలిపి లాంటి వేదికల మీద ఫోన్‌లోనే రాయవచ్చు, లేదా సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవచ్చు. సొంతంగా వేసేటప్పుడు డీటీపీ చేసినవారు ఇచ్చిన ప్రూఫును గట్టిగా చదవండి. కన్ను దాటేసిన ఒత్తు చెవికి దొరుకుతుంది. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌కు ప్రభుత్వం రుసుము తీసుకోదు. రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. అందుకే ఒప్పందం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టవద్దు.

6. నలుగురికీ జడిసి దాచిన రాత ఎవరికీ అక్కరకు రాదు.

“మనవలున్న మనిషికి ప్రేమకథలేంది?” అంటారని నోటుపుస్తకాలు బియ్యం గోలెం వెనక దాచాను. కొన్నిటిని చెదలు తిన్నాయి. నాకున్న పెద్ద బాధ అదే. కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి. ఇంగ్లండులో మేరీ వెస్లీ పెద్దల కోసం రాసిన తొలి నవల 1983లో అచ్చయింది. అప్పటికి ఆమె డెబ్బై దాటిన మనిషి. వాళ్లు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

బిడ్డలారా, ప్రేమ పడుచువాళ్ల సొత్తు కాదు. ఎడబాటు ఓర్చినవాళ్లకూ, పోట్లాడి కలిసి బతికినవాళ్లకూ దాని సంగతి ఇంకా బాగా తెలుసు. మీ ఇంట్లో రాసే అమ్మ ఉంటే, ఆమె కాయితాలు అడిగి తీసుకొని చదవండి. మీరే రాస్తుంటే, నాలాగా అరవై దాకా ఆగకండి.