సభలో ప్రశ్న – ప్రభుత్వపు సమాధానము

గ్రామ పంచాయతీ సమావేశమున ఒక సభ్యుడు లేచి, "వీధి దీపములకు మంజూరైన సొమ్ములో నేటివరకు ఎంత ఖర్చయినది? ఎన్ని దీపములు వెలుగుచున్నవి?" అని అడిగినచో, సర్పంచి లెక్కల పుస్తకము తెప్పించి సమాధానము చెప్పవలసియుండును. అడిగినవాడు సర్పంచికి బంధువు కావచ్చును. ఆయన పక్షమువాడే కావచ్చును. అయినను అడుగుట సభ్యుని విధి, చెప్పుట సర్పంచి విధి. ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడు మంత్రిని అడుగు ప్రశ్నయు ఇట్టిదే. సొమ్ము పెద్దది, సభ పెద్దది. న్యాయము మాత్రము ఒక్కటే.

మన రాజ్యాంగము 75వ అధికరణము ప్రకారము కేంద్ర మంత్రివర్గము లోక్ సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెను. 164వ అధికరణము ప్రకారము రాష్ట్ర మంత్రివర్గము శాసనసభకు అట్లే బాధ్యత వహింపవలెను. ఈ బాధ్యత కాగితముపై నిలిచిపోక, సభ సమావేశమైన దినములలో కార్యరూపము దాల్చు ఘడియ ప్రశ్నోత్తర సమయము. దానిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ముఖ్య విషయములను మేమిచట వివరింపనెంచితిమి.

హక్కు లభించిన విధము

మంత్రిని సభలో ప్రశ్నించు ఆచారము ఇంగ్లండులో పుట్టినది. అచట నమోదైన మొదటి ప్రశ్న 1721లో ప్రభువుల సభలో వచ్చినది. సౌత్ సీ కంపెనీ వాటాలు కొని అనేకులు సొమ్ము పోగొట్టుకొనిన రోజులవి. ఆ కంపెనీ కోశాధికారి దేశము విడిచి పారిపోయి, బ్రస్సెల్సు నగరమున పట్టుబడెనని వదంతి పుట్టెను. అది నిజమేనా యని కౌపర్ ప్రభువు ప్రభుత్వమును అడిగెను. మొదటి ప్రశ్నయే ప్రజలు నష్టపోయిన సొమ్మును గూర్చినది యగుట గమనింపదగినది.

మన దేశమున ఈ హక్కు ఒక్కసారిగా రాలేదు. 1892 నాటి చట్టము శాసన మండలుల సభ్యులకు ప్రశ్న అడుగు హక్కు నిచ్చెను గాని, వచ్చిన సమాధానముపై మరల అడుగుటకు వీలు లేకుండెను. సమాధానము తప్పించుకొనునదైనను సభ్యుడు విని కూర్చుండవలసినదే. మొదట ప్రశ్న వేసిన సభ్యుడు అనుబంధ ప్రశ్న అడుగవచ్చునని 1909 సంస్కరణలతో ఏర్పడినది. 1919 చట్టము క్రింద వచ్చిన సభలలో ఇతర సభ్యులకును ఆ హక్కు లభించినది. అనుబంధ ప్రశ్న లేని ప్రశ్న సగము ప్రశ్నయే. ఆ మిగిలిన సగమును సంపాదించుకొనుటకు మన పెద్దలకు మూడు దశాబ్దములు పట్టినది.

ప్రశ్నలలో రకములు

లోక్ సభలో సాధారణముగా ఉదయము 11 గంటల నుండి 12 గంటల వరకు ప్రశ్నోత్తర సమయము. రాజ్యసభలో 2014 నవంబరు నుండి దీనిని మధ్యాహ్నము 12 గంటలకు మార్చిరి. ఒక్కొక్క మంత్రిత్వశాఖకు వారములో ఒక్కొక్క దినము కేటాయింపబడియుండును.

నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో సమాధానము చెప్పవలెను. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. లోక్ సభలో ఇట్టివి దినమునకు 20 మాత్రమే జాబితాలో చేరును. గంటలో అన్నిటికిని వంతు రాదు; మిగిలినవాటికి వ్రాతమూలకముగా సమాధానము వచ్చును. నక్షత్రపు గుర్తు లేని ప్రశ్నలు దినమునకు 230 వరకు ఉండును. వీటికి వ్రాతమూలక సమాధానమే. అనుబంధ ప్రశ్నలు లేవు. లెక్కలు, జాబితాలు కావలసినప్పుడు ఈ రకమే అనుకూలము. అత్యవసరమైన ప్రజావిషయము వచ్చినచో, మంత్రి అంగీకారముతో స్వల్ప వ్యవధి ప్రశ్న వేయు వీలు కలదు.

సాధారణ ప్రశ్నకు లోక్ సభలో 15 పూర్తి దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. మంత్రిత్వశాఖ నుండి జిల్లాకు, జిల్లా నుండి పని జరుగుచున్న చోటికి వర్తమానము పోయి, లెక్క తేలి తిరిగి రావలెను గదా! మూలబడియున్న దస్త్రము ప్రశ్న పేరు చెప్పగానే బల్లపైకి వచ్చుటకు కారణమిదియే. రాష్ట్ర శాసనసభలలో సంఖ్యలు, గడువులు వేరుగా ఉండవచ్చును. పద్ధతి యొక్క స్వరూపము మాత్రము ఇదియే.

ప్రశ్న ఎట్లుండవలెను

ప్రశ్నను అనుమతించు అధికారము సభాపతిది. లోక్ సభ నియమముల ప్రకారము ప్రశ్న 150 మాటలకు మించరాదు. అందు వాదన, ఎత్తిపొడుపు, నింద ఉండరాదు. మంత్రి అభిప్రాయమును గాని, ఊహించిన సంగతిని గాని అడుగరాదు. న్యాయస్థానము విచారణలో నున్న విషయమును ఎత్తరాదు. ఆ ప్రభుత్వమునకు బాధ్యత లేని సంగతిని అడుగరాదు. ఈ నియమములు సభ్యుని నోరు కట్టుటకు కాదు. ప్రశ్నకు పదును పెట్టుటకు.

ఉదాహరణకు, ఒక గ్రామమున చెఱువు గట్టు మరమ్మతుకు సొమ్ము మంజూరై, పని సగములో నిలిచిపోయినదనుకొందము. దానిపై ఇట్లు అడుగవచ్చును: "మండలములో చెఱువులన్నియు పాడైపోయినవి, అధికారులు నిద్రపోవుచున్నారు, ప్రభుత్వమునకు రైతులనిన లెక్క లేదా?" ఇందు కోపము కలదు, ప్రశ్న లేదు. ఇది నియమములకు నిలువదు. నిలిచినను, "రైతుల క్షేమమే మా ధ్యేయము" అను ఒక్క వాక్యముతో మంత్రి కూర్చుండగలరు.

అదే సంగతిని ఇట్లు అడుగవచ్చును: "ఫలానా గ్రామపు చెఱువు గట్టు మరమ్మతుకు ఏ తేదీన ఎంత సొమ్ము మంజూరైనది? నేటివరకు ఎంత చెల్లించిరి? పని నిలిచిపోవుటకు కారణమేమి? ఏ తేదీకి పూర్తి చేయుదురు?" ఇందు కోపపు మాట ఒక్కటియు లేదు. అయినను ప్రతి మాటకు ఒక తేదీయో, ఒక అంకెయో, ఒక కారణమో చెప్పక తప్పదు. చెప్పినది సభ రికార్డులో శాశ్వతముగా నిలుచును. తెలిసి తప్పు సమాధానమిచ్చినచో అది సభా హక్కులకు భంగమగును.

ఒక ప్రశ్న చేసిన పని

ప్రశ్నకు గల శక్తిని తెలుపుటకు 1957 నాటి సంగతి యొకటి చెప్పెదము. అంతకు ముందు సంవత్సరమే, 1956 సెప్టెంబరులో, ప్రభుత్వ రంగమున జీవిత బీమా సంస్థ ఏర్పడినది. సామాన్య ఉద్యోగులు, చిన్న కుటుంబములవారు కట్టిన ప్రీమియముల సొమ్ము అందు చేరియుండెను. 1957 జూనులో ఆ సంస్థ హరిదాస్ ముంధ్రా అను వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 25 లక్షల రూపాయలకు కొనెను. సంస్థకు పెట్టుబడులను పరిశీలించు సంఘము ఉన్నను, దానిని ముందుగా సంప్రదింపలేదు.

ఈ సంగతి లోక్ సభలో ప్రశ్నరూపమున వచ్చినది. రామ్ సుభగ్ సింగ్, ఫిరోజ్ గాంధీ మొదలగు సభ్యులు బీమా సొమ్మును గూర్చి అడిగిరి. మొదట వచ్చిన సమాధానములు వారికి తృప్తి కలిగింపలేదు. వారు విడువలేదు. ఫిరోజ్ గాంధీ పత్రములు సేకరించి, 1957 డిసెంబరు 16న సభలో చర్చ లేవదీసెను. కొనుమని ఎవరు చెప్పిరి, ఎవరి సమ్మతితో కొనిరి అనునదే ఆయన అడిగిన దాని సారము. ఆయన పాలకపక్షమైన కాంగ్రెసు సభ్యుడు. పైగా ప్రధానమంత్రి నెహ్రూకు అల్లుడు. అయినను పక్షమును, బంధుత్వమును ప్రశ్నకు అడ్డు రానీయలేదు. ఆ లోక్ సభకు సభాపతిగా నుండినవారు తిరుపతి సమీపమున తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు.

ప్రభుత్వము బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. సి. చాగ్లాను విచారణకు నియమించెను. ఆయన ప్రజల సమక్షమున బహిరంగముగా విచారణ జరిపెను. తన శాఖ కార్యదర్శి చేసిన పనికి మంత్రియే బాధ్యుడని తేల్చెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి రాజీనామా చేసిరి. స్వాతంత్ర్యము వచ్చి పదునొకండు సంవత్సరములైనను నిండకముందే, మంత్రి సభకు జవాబుదారి యను సూత్రము ఆచరణలో ఋజువైనది. ప్రశ్న అడిగి ఊరకుండిన ఇది జరిగియుండెడిది కాదు; సమాధానము వెంట మరియొక ప్రశ్న నడచుటచేతనే జరిగినది.

హామీని వెంబడించుట

"విచారించుచున్నాము", "త్వరలో పూర్తి చేయుదుము" అని మంత్రి చెప్పిన మాట గాలిలో పోరాదు. అందులకై లోక్ సభలో 1953 డిసెంబరులో ప్రభుత్వ హామీల సంఘము ఏర్పడినది. సభలో ఇచ్చిన హామీలను ఈ సంఘము జాబితా వ్రాసి, నెరవేరినవో లేదో చూచును. సాధారణముగా మూడు మాసములలో హామీని నెరవేర్పవలెను. కానిచో ప్రభుత్వము గడువు కోరవలెను. సమాధానముతో తృప్తి లేనప్పుడు అరగంట చర్చ కోరు పద్ధతియు కలదు.

ఈ హక్కుకు లోపల నుండియే చేటు రావచ్చును. ప్రశ్నలు అడుగుటకు డబ్బు పుచ్చుకొనిరని ఋజువై 2005 డిసెంబరులో 11 మంది పార్లమెంటు సభ్యులు బహిష్కరింపబడిరి. గొడవలతో సభ వాయిదా పడిన దినమున మొదట పోవునది ఈ గంటయే. 2020లో కోవిడ్ కారణమున వర్షాకాల సమావేశములో ప్రశ్నోత్తర సమయమును తీసివేసిరి; వ్రాతమూలక సమాధానములు మాత్రమే మిగిలినవి. ఒక్క గంట పోయినచో మంత్రులు ఎదుట నిలిచి చెప్పవలసిన సమాధానములు పోవుననుట మనము మరువరాదు.

గ్రామము నుండి సభకు

శాసనసభ్యునకు, పార్లమెంటు సభ్యునకు మన గ్రామపు గట్టు కనబడదు. దానిని చూచువారు పంచాయతీ సభ్యులు. కావున మంచి ప్రశ్నకు ముడిసరుకు గ్రామముననే కలదు. సభ్యుని యొద్దకు పోవునప్పుడు దండతోను, పొడుగైన మహజరుతోను పోవుటకంటె ఒక్క పుట కాగితముతో పోవుట మేలు. అందు మంజూరు తేదీ, మొత్తము, పని నిలిచిన తేదీ, పంచాయతీ తీర్మానపు సంఖ్య ఉండవలెను. అది ఏ శాఖ బాధ్యతయో, రాష్ట్రమునకు చెందినదో, కేంద్రమునకు చెందినదో ముందుగా తేల్చుకొనవలెను. కావలసిన రికార్డులను 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాచారము ఇయ్యవలెను. పార్లమెంటులో వచ్చిన సమాధానములను వెబ్‌సైటులో ఎవరైనను చదువవచ్చును. వాటిని తీసి గ్రామసభలో చదివి వినిపించినచో, ఢిల్లీలో చెప్పిన మాట గ్రామమున నిజమో కాదో ప్రజలే చూచి చెప్పగలరు.

చివరకొక మాట. మంత్రి జవాబు చెప్పవలెనని కోరు మనము, మనలను అడిగినప్పుడు జవాబు చెప్పుటకు సిద్ధముగా నుండవలెను. వీధి దీపముల లెక్క అడిగిన సభ్యుని విరోధిగా చూచు పంచాయతీకి మంత్రిని ప్రశ్నించు నైతిక బలముండదు. వచ్చు గ్రామసభలో లెక్కల పుస్తకమును అడుగకముందే బల్లపై నుంచుడు. ప్రశ్నకు గౌరవమిచ్చు అలవాటు అచటనే ఆరంభము కావలెను.